రాజధాని రైలెక్కిన దేశం

కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరినవాళ్లు మా ఇంటికొచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు: అంకుల్, ఇన్నేళ్లు చెప్పారు కదా, మాకేమైనా టిప్స్ ఇవ్వండి. టిప్స్ అంటే సిలబస్ ఎలా పూర్తిచెయ్యాలి, డీన్‌తో ఎలా నెగ్గుకురావాలి అని వాళ్ల ఉద్దేశం. సిలబస్ నేనెప్పుడూ పూర్తిచెయ్యలేదు. డీన్లతో నెగ్గుకురావడం కూడా అంతంతమాత్రమే. వచ్చినవాళ్లకి మా ఆవిడ సుగుణ పెట్టిన జంతికలు తినిపించి పంపించేసేవాణ్ని.

అలా పంపించడం బాగాలేదని ఇది రాస్తున్నాను. కాగితం మీద నా ఉద్యోగం చరిత్ర అధ్యాపకుడు. నిజంగా చేసిన పని వేరు. ప్రతి చలికాలం ఒక దేశాన్ని పుట్టించి, పిల్లల చేతుల్లో పెట్టి, అది బతుకుతుందా బతకదా అని కిటికీ పక్కన కూర్చుని చూసేవాణ్ని. బయట, మేం వలసొచ్చిన వాటర్లూ ఊళ్లో మంచు కురుస్తూ ఉండేది. లోపల ఒక కొత్త దేశం తన మొదటి బడ్జెట్ కోసం కొట్టుకుంటూ ఉండేది. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు పడితే నాకు కలలో ఆ దేశాలే వస్తాయి, వాటి రేవులూ, వాటి చిన్న చిన్న స్టేషన్లూ.

ముందు జీతాలు

మొదట్లో నేనూ అందరిలాగే నోట్సు చెప్పేవాణ్ని. కొత్తగా స్వతంత్రమైన దేశాల్లో మొదటి ప్రభుత్వాలు, వాటి ఇంటి సమస్యలు, బయటి సమస్యలు. పిల్లలు రాసుకునేవారు, పరీక్షలో దించేవారు, మర్చిపోయేవారు. నాకే నిద్రొచ్చేది.

అప్పుడు మా మేనమామ మాట గుర్తొచ్చింది. మనకి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆయన కాకినాడలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆ రాత్రి అందరూ పాటలు పాడుకున్నారట, మిఠాయిలు పంచుకున్నారట. తెల్లారి ఆఫీసు తెరిచాక పెద్ద గొడవ వచ్చిపడింది. బీరువా తాళాలు ఎవరి దగ్గరుండాలి, జీతాల బిల్లు మీద సంతకం ఎవరు పెట్టాలి అని. మా మేనమామ ఈ సంగతి చెప్పి పగలబడి నవ్వేవాడు. నాకు మాత్రం దేశం పుట్టడమంటే ఏమిటో ఆ తాళాల దగ్గరే అర్థమైంది.

అందుకే ఆట మొదలుపెట్టాను. టర్మ్ మొదటిరోజు బోర్డు మీద ఒక మ్యాప్ గీస్తాను. ఒక తీరం, కొంత మెట్ట, కొంత అడవి, పాత పాలకులు వేసి వదిలేసిపోయిన ఒక రైలుమార్గం, నదికి అవతల ఒక పెద్ద దేశం. క్లాసు తనలోంచి మంత్రివర్గాన్ని ఎన్నుకుంటుంది, దేశానికి పేరు పెట్టుకుంటుంది. ఇక వారం వారం నేనొక టెలిగ్రాం చదువుతాను. పరాయి దేశాలన్నీ నేనే, కరువూ నేనే, వరదా నేనే. చివరి క్లాసు దాకా ప్రభుత్వం నిలబడితే ఆ దేశం పేరు గది వెనక గోడ మీద రాస్తాం. పడిపోతే మ్యాప్ చెరిపేస్తాం.

మొదటిసారి పిల్లలకి హుషారుగా ఉంటుందని ఎత్తుకోవడమే యుద్ధంతో ఎత్తుకున్నాను. ఎంత సంబరంగా పోరాడారో చెప్పలేను. తమ దేశానికి ఉప్పెక్కణ్నుంచి వస్తుందో తెలియకుండానే అందరూ వీరమరణం పొందారు. ఆ తర్వాత నా మొదటి టెలిగ్రాం ఎప్పుడూ ఒక్కటే: పాత ప్రభుత్వపు గుమాస్తాలు గుమ్మం ముందు నిలబడ్డారు, ఈ నెల జీతం ఎవరిస్తారు?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. కొత్త ప్రభుత్వానికి ఆ వరస దొరకదు. ఇల్లూ రచ్చా ఒకే పొద్దున తలుపు కొడతాయి. ఇంకా యూనిఫాం మార్చుకోని సైన్యం, ఏ భాషలో పాఠాలు చెప్పాలో తేలని బళ్లు, సరిహద్దు దాటి మూటలతో వచ్చినవాళ్లు, గోధుమల ఓడ పంపి బదులుగా మీ రేవు ఇవ్వమనే పెద్దమనుషులు. ఒకదాన్ని సర్దుతుంటే రెండోది పెరటి దారిన లోపలికొస్తుంది. ఇది నోట్సులో చెబితే ఎక్కదు.

గది నిండిపోయిన ఏళ్లు

తర్వాత ఆ ఏళ్లు వచ్చాయి. ఇండియా నుంచి పిల్లలు ఒక్కసారిగా వచ్చిపడ్డారు. అంతకుముందు నా క్లాసులో తెలుగు పేరు కనబడితే ఇంటికెళ్లి సుగుణకి చెప్పేవాణ్ని. ఇప్పుడు పొద్దున బస్సులో కళ్లు మూసుకుంటే తణుకు నుంచి రాజమండ్రి వెళ్తున్నట్టుండేది. ఒకడు రూమ్ రెంట్ గురించి, ఒకడు పార్ట్‌టైమ్ గురించి, ఒకమ్మాయి ఫోన్లో వాళ్లమ్మకి చారు పెట్టడం అడుగుతూ.

చాలామంది వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేసి, అక్కడి బరువు బూట్లతోనే క్లాసుకొచ్చేవారు. వచ్చి నిద్రపోయేవారు. కొందరు అధ్యాపకులు దాన్ని అవమానంగా తీసుకునేవారు. నేను తీసుకోలేదు. నిద్రపోయేవాణ్ని లేపకండి. పాఠంలో సత్తువుంటే వాడే లేస్తాడు, లేకపోతే లేపి మీరు చేసేదేమీ లేదు.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ హెలెన్ అని ఒకావిడ. చెడ్డమనిషి కాదు, ఊపిరాడక ఉక్కిరిబిక్కిరవుతున్న మనిషి. చిన్న గదిలో సాగే నా ఆట పెద్ద హాలులో సాగదనీ, మల్టిపుల్ చాయిస్ పరీక్ష పెట్టెయ్యమనీ అంది. ఒక దేశాన్ని వదిలొచ్చి, ఇంకో దేశం ఇంకా చేతికందని పిల్లలు వీళ్లు, వీళ్లకి కాక ఈ ఆట ఇంకెవరికి అని నేను పోట్లాడాను. చాలాసేపు నా మొహం చూసి, సరే, ఈ చలికాలం ఒక్కటి ఆడించుకో, గందరగోళమైతే మాత్రం ఇదే ఆఖరు అంది.

పైవాళ్ల గురించి నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. మీ మాట నచ్చకపోయినా మీ మొహం చూసేవాళ్లు దొరికితే వాళ్లని వదులుకోకండి. మెచ్చుకుంటూ మొహం చూడనివాళ్లు ఎంతమందైనా దొరుకుతారు.

వెన్నెల

హాలుకి ఒకవైపంతా అద్దాలే. క్లాసు సాయంకాలం. మొదలుపెట్టేసరికి చీకటి పడేది, మంచు మీద నీలంగా ఒక వెలుతురు నిలిచేది. దేశానికి ఏం పేరు పెడదామని తర్జనభర్జన పడుతుంటే కిటికీ వైపు కూర్చున్న ఒకమ్మాయి లేచి వెన్నెల అంది. అర్థం చెప్పింది. నైజీరియా పిల్లలకీ, పంజాబీ పిల్లలకీ, ఇక్కడ పుట్టినవాళ్లకీ ఆ మాట నోరు తిరిగింది. నోరు తిరిగే పేరు దొరకడం కొత్త దేశానికి మొదటి అదృష్టం.

ఆ అమ్మాయి స్రవంతి. ఊరు ఒంగోలు. అక్కడ డిగ్రీ కాలేజీలో కొన్నేళ్లు లెక్చరర్‌గా పనిచేసి, అందరికంటే ఆలస్యంగా చదువుకోడానికి వచ్చింది. క్లాసు తనని హోం మంత్రిగా ఎన్నుకుంది. నైజీరియా కుర్రాడు ఒబిన్నా ప్రధానమంత్రి. మనిషి నెమ్మది, గొంతు ఖంగుమంటుంది. విదేశాంగం వరంగల్ కుర్రాడు ప్రశాంత్‌కి ఇచ్చారు.

జీతాల గండం గట్టెక్కారు. గోధుమలు పుచ్చుకుని రేవు ఇవ్వకుండా తప్పించుకున్నారు. ప్రశాంత్ నా పెద్దదేశానికి ఎంత తియ్యగా అబద్ధాలు చెప్పాడో, మార్కులు వెయ్యాలో మొట్టికాయ వెయ్యాలో తెలియలేదు. ఆ తర్వాత నేను రాజధాని ఎక్కడ అని అడిగాను.

అంతే, హాలులో ఉన్న మనవాళ్లందరూ ఒక్కసారి లేచారు. తీరంలో పెట్టాలని కొందరు, మెట్టకి అన్యాయం జరిగిందని కొందరు, ఉన్న నగరాన్ని వదిలి కొత్తది కట్టడమేమిటని కొందరు. ఇంగ్లీషు ఎప్పుడు పోయిందో పోయింది, అంతా తెలుగే. వెన్నెలకి అప్పటికి నెల వయసు కూడా లేదు, అన్యాయాలు మాత్రం తరతరాలవి. ఒబిన్నా నా దగ్గరికొచ్చి, వీళ్లకి ఈ మ్యాప్ ముందే తెలుసా అని మెల్లగా అడిగాడు. కొంచెం తెలుసులే అన్నాను.

చివరికి స్రవంతే ఒక దారి చెప్పింది. రాజధానిని రైల్లో పెడదామంది. పాత పాలకుల రైలుమార్గం తీరం నుంచి మెట్ట మీదుగా అడవిదాకా పోతోంది కదా, ప్రభుత్వం ఒక్కోచోట కొన్నాళ్లు ఆగి జనం మాట విని ముందుకు కదులుతుంది. హాలంతా చప్పట్లు. నేను చరిత్ర చదివినవాణ్ని, అది ఎన్నాళ్లు సాగేదో నాకు తెలుసు. అయినా ఆ రాత్రి నా కలలో ఆ రైలొచ్చింది. పెట్టెల్లో దీపాలు, కిటికీల దగ్గర కాగితాలు చూసుకుంటున్న పిల్లలు, పట్టాలకి రెండుపక్కలా చేతులూపుతున్న జనం.

ఎక్కాల్లా వచ్చిన పట్టిక

ఆ తర్వాతి టెలిగ్రాంలో వెన్నెల పౌరులు ఎవరు అని అడిగాను. ఏ మొదటి ప్రభుత్వమైనా తప్పించుకోలేని ప్రశ్న ఇది. దీనిమీద పిల్లలు ఒక వారం కొట్టుకుంటారని నా అంచనా.

స్రవంతి బోర్డు దగ్గరికెళ్లి మార్కర్ తీసుకుంది. వయసుకి ఇన్ని పాయింట్లు, చదువుకి ఇన్ని, లాంగ్వేజ్ టెస్టుకి ఇన్ని, అనుభవానికి ఇన్ని. ఒక్కచోట కూడా ఆగలేదు. తను రాస్తుంటే వెనక నుంచి పిల్లలు ముందే చెప్పేస్తున్నారు, ఎక్కాలు అప్పజెప్పినట్టు. నిద్రపోయేవాళ్లు కూడా లేచారు. వాళ్లందరూ పొద్దున లేవగానే ఫోన్లో చూసుకునే పట్టికే అది, ఈ దేశంలో శాశ్వతంగా ఉండనిచ్చే పర్మనెంట్ రెసిడెన్స్‌ది. దేశం తమ చేతికొచ్చింది కదా, తమకి తెలిసిన గుమ్మాన్నే తెచ్చి దానికి పెట్టారు. ఒక్క ఓటు కూడా వ్యతిరేకం లేకుండా చట్టమైంది.

నేనేమీ అనలేదు. ఇక్కడొక మాట గట్టిగా చెబుతాను. తప్పు అని మీ నోటితో చెప్పకండి. చెబితే రాసుకుంటారు, అంతే. ఆ తప్పు వాళ్ల సరిహద్దు దగ్గరికి నడిచొచ్చేదాకా ఓపిక పట్టండి.

తర్వాతి క్లాసులో వెన్నెల జనాన్ని వాళ్ల ముందు నిలబెట్టాను. మెట్టమీద గొర్రెలకాపరులు, తీరంలో ఉప్పుమళ్లలో పనిచేసే ఆడవాళ్లు, అడవిలో తేనె తీసేవాళ్లు, గొడవల్లో నది దాటొచ్చిన కుటుంబాలు. వయసు మీరినవాళ్లు కొందరు, టెస్టు పేరే విననివాళ్లు కొందరు. లెక్క వేసుకోమన్నాను. వేసుకున్నారు. వెన్నెలలో పుట్టినవాళ్లలో చాలామంది వెన్నెలకి పనికిరాకుండా పోయారు.

అప్పుడు పెద్దదేశం నుంచి టెలిగ్రాం చదివాను. మీకు అక్కర్లేని జనం మా జనమే, వాళ్లని కాపాడటానికి మా సైన్యం నది దగ్గరికి వస్తోంది. చట్టం వెనక్కి తీసుకుంటారా, మమ్మల్ని రమ్మంటారా? జవాబుకి ఒక వారం గడువు.

కారిడార్లో

క్లాసయ్యాక ప్రశాంత్ నా వెనకే వచ్చాడు. “చట్టం వాపస్ తీసుకుంటే వాళ్లకు లొంగినట్టే అయితది సార్. రేపు ఇంకోటి అడుగుతరు” అన్నాడు. తప్పేమీ లేదు ఆ మాటలో. నిజమైన విదేశాంగ మంత్రులు కూడా అదే అని ఉంటారు. అలాగని సైన్యాన్ని రానివ్వలేరు. హెలెన్ ఇచ్చిన ఒక్క చలికాలం నా చేతుల్లోనే కూలిపోయేలా ఉంది. ప్రభుత్వం రెండుగా చీలింది.

స్రవంతి కారిడార్ చివర కిటికీ దగ్గర కోటు వేసుకోకుండా నిలబడి ఉంది. ఇంటికెళ్లమ్మా, చలేస్తుంది అన్నాను.

“అది తప్పు చట్టమని మీకు ముందే తెలుసు కదా సార్” అంది.

తెలుసన్నాను.

“నేనూ రోజూ ఆ పట్టికే చూసుకుంటున్నా. ఈ పుట్టినరోజు దాటితే ఏజ్‌కి పాయింట్లు తగ్గడం మొదలవుతుంది. అక్కడ జాబ్ వదిలేసి, అందరూ ఇప్పుడెందుకే అన్నా వినకుండా వచ్చా. అది తప్పని నేనే ఒప్పుకుంటే, ఇంక నేను దేన్ని నమ్ముకుని వచ్చినట్టు సార్?”

చాలా ఏళ్ల ఉద్యోగంలో నన్ను అంత నిలవేసిన ప్రశ్న ఇంకొకటి లేదు. ఆటలో ఆ అమ్మాయికి పోయేది ఒక చట్టం. బయట తను నమ్ముకున్నదంతా అందులోనే ఉంది.

మీకెన్ని పాయింట్లు వచ్చాయి సార్ అని అడిగింది. నిజం చెప్పాను. మా రోజుల్లోనూ ఏవో లెక్కలుండే ఉంటాయి, నాకెవరూ చెప్పలేదు. ఒక ఆఫీసర్ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, మంచు ఎప్పుడైనా చూశావా అని అడిగాడు. బొమ్మల్లో చూశానన్నాను. నవ్వాడు. ఒక చలికాలం ఉండి చూడు, ఆ తర్వాత కూడా ఉండాలనిపిస్తే ఇది నీ ఊరే అని ముద్ర కొట్టాడు. ఇంటర్వ్యూలో నాకు గుర్తున్నది ఆ ఒక్క మాటే.

స్రవంతి నవ్వలేదు. అసూయగా చూసిందని చెప్పలేను, కోపంగా అని కూడా చెప్పలేను. చాలా దూరంలో ఉన్న ఊరిని చూసినట్టు చూసింది. నాకు సిగ్గేసింది. నేను వచ్చిన తలుపు నా వెనక ఎప్పుడు మూసుకుందో కూడా పట్టించుకోకుండా ఇన్నేళ్లూ పాఠాలు చెప్పానన్నమాట.

ఒక చలికాలం

గడువు రోజున హాలు కిక్కిరిసింది. హెలెన్ కూడా వచ్చి వెనక గోడ దగ్గర నిలబడింది. బయట ఎడతెరిపి లేకుండా మంచు. ఒబిన్నా హోం మంత్రిని పిలిచాడు. స్రవంతి బోర్డు మీద తన పట్టికనంతా తనే చెరిపి, దాని చోట ఒకే ఒక వాక్యం రాసింది. వెన్నెల నేలమీద ఒక చలికాలం గడిపినవాళ్లందరూ వెన్నెల పౌరులు.

ప్రశాంతే ముందు లేచాడు. ఇలాగైతే పెద్దదేశం తన మనుషుల్ని గుంపులుగా పంపి ఒక చలికాలం ఉంచితే ఏం చేస్తామని అడిగాడు. గడిపి చూడమనండి, ఇక్కడి చలికాలం గడిపాక వాళ్లు వాళ్ల మనుషులుగా మిగలరు అంది స్రవంతి. ప్రశాంత్ కిటికీ వైపు చూశాడు, కాళ్లకున్న వేర్‌హౌస్ బూట్ల వైపు చూసుకున్నాడు, కూర్చుని చెయ్యెత్తాడు. వాడి వెనక ఒక్కొక్క చెయ్యే లేచింది. అన్నీ లేవలేదు. కానీ చాలినన్ని లేచాయి.

పెద్దదేశానికి సాకు పోయింది. మర్యాదగా సైన్యాన్ని వెనక్కి తీసుకున్నాను. అంతటితో వదల్లేదు లెండి, గోధుమల ఓడలు ఆపేశాను. వాళ్లు తీరంలో చేపలూ, మెట్టలో జొన్నలూ లెక్క చూసుకుని ఆ గండం కూడా దాటారు. చివరి క్లాసున వెన్నెల నిలబడే ఉంది. హెలెన్ స్వయంగా కుర్చీ ఎక్కి హాలు గోడ మీద ఆ పేరు రాసింది, తెలుగులోనే, స్రవంతి చేతిమీద రాసి చూపిస్తే చూసి. ఆట ఇంక ఆపలేదు. నేను రిటైరయ్యేదాకా హాలులోనే సాగింది.

యువ అధ్యాపకులకి నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మొదటి ప్రభుత్వాలు తప్పులు చేస్తాయి. తమని బాధపెట్టిన గుమ్మాన్నే తెచ్చి తమ ఇంటికి పెట్టుకోవడం అందులో పెద్దది. దాన్ని తమంతట తాము పీకగలిగిన దేశాలు కొన్నే ఉన్నాయి. నా క్లాసులో ఒకటి పీకింది.

స్టాప్ దగ్గర

నేను రిటైరయ్యాక ఒక వేసవి చివర్లో స్రవంతి ఫోన్ చేసింది. చదువు అయ్యాక ఇక్కడే ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం చేస్తోందని నాకు తెలుసు. వర్క్ పర్మిట్ అయిపోతోందట. పర్మనెంట్ రెసిడెన్స్‌కి కావలసిన కటాఫ్ ఎప్పుడూ తన స్కోరుకి కాస్త పైనే ఉంటూ వచ్చిందట. ప్రతి పుట్టినరోజుకీ ఫ్రెండ్స్ కేక్ కోయిస్తుంటే, కోసేది తన పాయింట్లే అనిపించేదని నవ్వుతూ చెప్పింది. వెళ్లిపోతోంది. వెళ్లేముందు ఒకసారి చూడాలంది.

ప్రయాణం రోజున కాలేజీ దగ్గర, ఊళ్లో తిరిగే లైట్ రైల్ స్టాప్‌లో కలుసుకున్నాం. సుగుణ కజ్జికాయలు చేసిచ్చింది. నాకు చెప్పలేనంత కోపంగా ఉంది, ఎవరిమీదో తెలియడం లేదు. ఒక దేశానికి రాజధాని వెతికిపెట్టిన పిల్ల, ఒక సైన్యాన్ని ఒక్క వాక్యంతో వెనక్కి పంపిన పిల్ల, ఈ ఊళ్లో ఉండటానికి సరిపోలేదట. అదే అన్నాను, గొంతు కొంచెం పైకి లేచింది కూడా. ఊరుకోండి సార్, ఒంగోలులో మా కాలేజీవాళ్లు మళ్లీ రమ్మంటున్నారు, అక్కడ పిల్లలతో ఈ ఆట ఆడిస్తా అంది. తను నన్ను ఓదారుస్తోందని కాసేపటికిగానీ నాకు తెలియలేదు.

అప్పటికి చలి రాలేదు. చెట్లు మాత్రం ఎర్రబడటం మొదలుపెట్టాయి. మలుపు దగ్గర రైలు కనబడింది, కిటికీల్లో దీపాలతో, మెల్లగా.

“సార్, రాజధాని వస్తోంది” అంది స్రవంతి.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. ఎన్నడూ అలా పిలవలేదుగానీ, ఆ క్షణాన నోటికి అదే వచ్చింది.

“హోం మంత్రిగారూ, మన దేశంలో ఎన్ని చలికాలాలు గడిపారు?”

రైలు ఆగింది. తను బ్యాగులు ఎక్కించుకుని, తలుపు దగ్గర నిలబడి నావైపు తిరిగింది.

“ఒక్కటి చాలు కదా సార్. చట్టం మనదే.”

తలుపులు మూసుకున్నాయి. రాజధాని మెల్లగా కదిలింది.